తుఫాను తర్వాతి కళ్యాణి

ఆ వేసవిలో మా ఇంట్లో ఒక్క స్వరం గురించి గొడవైంది. పొలం గట్టు గురించో పెళ్ళి గురించో అయితే చుట్టాలు వచ్చి సర్దిచెప్పేవాళ్ళు. మధ్యమం గురించి సర్దిచెప్పగలిగినవాళ్ళు మొగల్తూరు చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఇంటర్ అయ్యాక నాకు రాజమండ్రిలో ఒక యూనివర్సిటీలో సంగీతం డిగ్రీకి సీటు వచ్చింది. సీటు వచ్చినంత మాత్రాన ఫస్ట్ ఇయర్‌లో కూర్చోనివ్వరు. ముందు సంగీత చరిత్రలో ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతారు. అందులో నిలబడినవాళ్ళు నేరుగా ఫస్ట్ ఇయర్‌కి వెళ్తారు. మిగిలినవాళ్ళు ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చదవాలి. ఫౌండేషన్ వాళ్ళకి హాస్టల్ లేదు.

మా నాన్న ఆరోన్ రొయ్యల చెరువుల మీద మేత వేసే పని చేస్తాడు. ఆయన మాట ఒక్కటే. "హాస్టల్ ఇస్తే పంపుతా. ఇవ్వకపోతే షెడ్డుకి పోయి నీ ఈడు పిల్లలతో పాటు తలలు తియ్యి."

షెడ్డంటే ఆయనకి చిన్నచూపేం లేదు. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలు అక్కడ ఐసు ముందు నిలబడి రొయ్యల తలలు తీసేవాళ్ళే. ఆయన భయమల్లా నేను ఊరుకాని ఊళ్ళో ఒంటరిగా గది తీసుకుని ఉంటానేమోనని.

నేను సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా ఊరి లూథరన్ మందిరంలో మా అమ్మ ప్రసన్నకుమారి పాట ఎత్తుతుంది, సంఘమంతా అందుకుంటుంది. మా పాటల పుస్తకంలో ప్రతి పాట నెత్తినా రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. చదవడం వచ్చినప్పటి నుంచీ ఆ పేర్లు చూసుకుంటూ పాడేదాన్ని. ఆనందభైరవి ఎలా ఉంటుందో, మోహన ఎలా ఉంటుందో నాకు అలాగే తెలుసు. మిగతా చరిత్ర, ఎవరు ఏ రాజు దగ్గర ఉన్నారు, ఏ వాద్యం ఎక్కడి నుంచి వచ్చింది అన్నవన్నీ ఫోనులో పాఠాలు విని, హైస్కూల్లో మేడం ఇచ్చిన పుస్తకాలు చదివి కూడగట్టుకున్నాను.

పరీక్ష మే నెలాఖర్న. ఫ్యాన్లు తిరుగుతున్నా కాగితాలు ముంజేతులకి అంటుకుంటున్నాయి. చిన్న ప్రశ్నలు బాగానే రాశాను. ఆఖర్న పెద్ద ప్రశ్న. స్పీకర్లో వీణ మీద ఒక రాగం వినిపిస్తారు. దాని పేరు రాసి, లక్షణం, చరిత్ర, అందులో వచ్చిన రచనలు రెండు పేజీల్లో రాయాలి. సగం మార్కులు దానికే. పేరు తప్పైతే మిగిలింది చూడరని ముందే చెప్పారు.

వీణ మొదలైంది. నాకు నవ్వొచ్చింది. ఆదివారం ఆరాధన మొదట్లో అమ్మ ఎత్తే పాట నడక అదే. పుస్తకంలో ఆ పాట నెత్తిన కళ్యాణి అని ఉంటుంది. ఇంకేం ఆలోచించకుండా కళ్యాణి అని రాసి రెండు పేజీలూ నింపేశాను. కళ్యాణిలో మధ్యమం ఎలా ఉండాలో కూడా రాశాను. రాస్తున్నదాన్ని వింటున్నదానితో పోల్చి చూసుకోవాలని తట్టలేదు.

బయట మెట్ల మీద సామర్లకోట నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె నా పక్కన కూర్చుంది. చిన్నప్పటి నుంచీ వీణ నేర్చుకుందట.

"ఆఖరిది శంకరాభరణమే కదా?" అంది.

"కళ్యాణి," అన్నాను.

"ఎక్కడ విన్నావు ఆ కళ్యాణి?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "ఏమోలే, నాదే తప్పేమో," అంది.

ఆ అమ్మాయి అలా అనేసరికి తప్పు నాదేనని తెలిసిపోయింది.

నరసాపురం బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండు రాగాలూ మార్చి మార్చి విన్నాను. రెండింటికీ తేడా ఒక్క స్వరమే. కళ్యాణిలో మధ్యమం కొంచెం పైకి ఉంటుంది, శంకరాభరణంలో కిందికి. హార్మోనియం మీద అయితే పక్కపక్క మెట్లు. ఆ తర్వాత ఇయర్‌ఫోన్లు తీసేసి, కిటికీ వైపు తిరిగి, అమ్మ పాట మెల్లిగా పాడుకున్నాను. మధ్యమం దగ్గర నా గొంతు కిందికే వెళ్ళింది. మళ్ళీ పాడాను. మళ్ళీ కిందికే. పుస్తకంలో కళ్యాణి అని ఉన్న మిగతా పాటలన్నీ గుర్తు చేసుకుని పాడి చూశాను. ఒక్కదానిలోనూ కళ్యాణి లేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో రాయి మీద బూడిద వేసి చేపలు తోముతోంది. నాన్న నులక మంచం మీద పడుకుని ఉన్నాడు.

"అమ్మా, మనం పాడేది కళ్యాణి కాదు."

"పుస్తకంలో ఉంది కదే."

"పుస్తకంలో ఉంది. మనం పాడట్లేదు. మనది శంకరాభరణం."

అమ్మ చేప తిరగేసింది. "అంటే మా నాన్న ఇన్నేళ్ళూ సంఘానికి తప్పు వాయించాడంటావు."

అమ్మ వాళ్ళ నాన్న లాజరు తాత మందిరంలో హార్మోనియం వాయించేవాడు. నేను పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఆయన పేరెత్తితే నాన్న కూడా గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం మంచం మీద నుంచి అందుకున్నాడు.

"పెళ్ళైన కొత్తలోనే చెప్పా, మీ అమ్మ శ్రుతి తప్పుతుందని. నా మాట ఎవరు విన్నారు?"

"శ్రుతి గురించి మీరు మాట్లాడకండి," అంది అమ్మ. "మీరు ఆమేన్ అంటేనే చంటిపిల్లలు జడుసుకుంటారు."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

మర్నాడు మందిరం వెనక గదిలో ఉన్న తాత హార్మోనియం మీద గుడ్డ తీశాను. దాన్నిప్పుడు ఎవరూ వాయించరు. ఒక చేత్తో గాలి కొడుతూ ఒక్కో మెట్టే నొక్కుకుంటూ వచ్చాను. బొంగురుగానైనా అన్నీ పలికాయి. మధ్యమం పక్కనున్న నల్ల మెట్టు నొక్కితే మాత్రం గాలే వచ్చింది. కళ్యాణికి కావలసింది ఆ మెట్టే.

వెనక అలికిడైంది. అమ్మ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"అది తుఫానులో పోయింది," అంది. "నాకప్పుడు పదేళ్ళు. నీళ్ళు మందిరం కిటికీల దాకా వచ్చేశాయి. ఈ పెట్టె తేలుతూ దొరికింది. మా నాన్న విప్పి, లోపలి రేకులన్నీ తుడిచి ఎండలో పెట్టాడు. అన్నీ పలికాయి. ఆ ఒక్కటీ తుప్పు పట్టి విరిగిపోయింది."

"మరి కళ్యాణి పాటలు ఎలా వాయించాడు?"

అమ్మ చీపురు గోడకి ఆనించింది. "ఆదివారం వచ్చింది. మందిరంలో సగం చోటు ఖాళీ. ఎవరింట్లో చూసినా ఎవరో ఒకరు లేరు. నాన్న పాట ఎత్తాడు. ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి గాలి వచ్చింది. ఆగిపోతాడనుకున్నా. ఆగలేదు. పక్క మెట్టు నొక్కాడు. మేమందరం ఆయన వెంటే వెళ్ళాం."

"తర్వాత బాగుచేయించలేదా?"

"చర్చి మిషన్ వాళ్ళు బాగుచేయిస్తామని వచ్చారు. నాన్నే వద్దన్నాడు."

"ఎందుకు?"

"నేనడగలేదు," అంది అమ్మ. చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది.

ఫలితాలు ఫోనులోకి వచ్చాయి. నా పేరు ఫౌండేషన్ కింద ఉంది. అయితే ఒక అవకాశం ఇచ్చారు. ఒక్క ప్రశ్న వల్ల ఆగిపోయినవాళ్ళు జూన్‌లో వచ్చి బోర్డు ముందు పాడి, అడిగినదానికి జవాబు చెప్పవచ్చు. వాళ్ళకి నచ్చితే ఫస్ట్ ఇయర్‌కి మారుస్తారు.

ఆ రోజు నుంచి అసలు కళ్యాణి నేర్చుకోవడం మొదలుపెట్టాను. అమ్మకి వినపడకూడదని నాన్నతో పాటు చెరువు గట్టు మీదికి పోయి, ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చోట కూర్చుని పాడేదాన్ని. ఫోనులో విని పాడటం, మళ్ళీ వినడం. గొంతు మధ్యమం దగ్గరికి వచ్చేసరికి పాత దారిలోకి జారిపోయేది. దాన్ని చెయ్యి పట్టి లాగినట్టు పైకి లాగాల్సి వచ్చేది.

నాన్న పడవలోంచి మేత చల్లుతూ, "నీ పాటకి రొయ్యలు పైకి తేలుతున్నాయమ్మా. ఓనరు చూస్తే నా పని పోతుంది," అనేవాడు. కానీ అటు పక్క చెరువుకి వెళ్ళాల్సిన టైములో కూడా అక్కడే తిరుగుతుండేవాడు.

నేర్చుకున్నది మందిరంలో పాడి చూడాలనిపించింది. ఎందుకనిపించిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ఆదివారం అమ్మ పాట ఎత్తింది. ఆడవాళ్ళ వరసలో నేను అందుకున్నాను. మధ్యమం వచ్చింది. సంఘమంతా కిందికి వెళ్ళింది, నేను పైకి వెళ్ళాను. ముందు కూర్చున్న మా చిన్నమ్మాయి పిన్ని వెనక్కి తిరిగి చూసింది. రెండో చరణంలో నా పక్కనున్న ఇద్దరు పిల్లలు నా వెంట వచ్చారు. మూడో చరణానికి కొందరు పాడటం ఆపి వింటున్నారు. అమ్మ సంఘం వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. నన్ను చూస్తూనే గొంతు పెంచింది. నేనూ తగ్గలేదు. ఆఖరి చరణం మేమిద్దరమే పాడినట్టైంది, ఒకే పాట, ఒకే మాట దగ్గర విడిపోతూ.

ఆరాధన అయ్యాక పాస్టరు ఎజ్రాగారు మెట్ల దగ్గర అమ్మని ఆపారు. కొత్తగా వచ్చిన కుర్రాయన, మర్యాదస్థుడు.

"ప్రసన్నమ్మగారూ, తబిత పాడిందే పుస్తకంలో ఉన్న రాగం కదండీ. యూనివర్సిటీవాళ్ళు కూడా అదే అన్నారట. మనం కూడా దిద్దుకుంటే బాగుంటుందేమో."

"పుస్తకం అచ్చువేసినవాళ్ళు ఆ ఆదివారం ఇక్కడ లేరండి, అయ్యగారూ," అంది అమ్మ. "మేం ఉన్నాం."

ఏ ఆదివారమో ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చెప్పులు వేసుకుంటూ తల వంచుకున్నాను.

అప్పటి నుంచి అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, తలకి నూనె రాసేది, జడ వేసేది. మాట మాత్రం లేదు. నన్నేదైనా అడగాలంటే నా ఎదురుగానే నాన్నతో, "మీ అమ్మాయిని అడగండి," అనేది.

బోర్డు ముందుకి వెళ్ళే రోజు నాన్నే నాతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపల ఇద్దరే ఉన్నారు. జానకిరామ్ గారు డిపార్ట్‌మెంట్‌కి పెద్ద. పక్కన సత్యవాణి మేడం, తంబూరా శ్రుతి పెట్టిన ఫోను బల్ల మీద పెట్టుకుని. ఆయన నన్ను కూర్చోమని, మంచినీళ్ళు తాగమని, ఎండ గురించి రెండు మాటలు మాట్లాడారు. భయపెట్టే మనిషి కాదు.

"ఏదైనా ఒక పాట కళ్యాణిలో పాడమ్మా."

అమ్మ పాటే పాడాను, పుస్తకంలో ఉన్న రాగంలో. ఒక్కచోట కూడా జారలేదు. మేడం కళ్ళు మూసుకుని విన్నారు.

"బాగుంది," అన్నారు జానకిరామ్ గారు. "ఇంత బాగా తెలిసినదానివి ఆ రోజు శంకరాభరణం విని కళ్యాణి అని ఎలా రాశావు?"

"ఈ పాట మా మందిరంలో అలా పాడతారండి. పైన కళ్యాణి అని ఉంటుందండి. నేను అదే కళ్యాణి అనుకున్నాను. పరీక్షలో నేను రాసింది తప్పేనండి."

"అంటే మీవాళ్ళు తప్పు పాడుతున్నారు, దాంతో నీ చెవి తప్పు నేర్చుకుంది. ఇప్పుడు దిద్దుకున్నావు. అంతే కదా?" అని పెన్ను తీశారు.

అవునండి అంటే అయిపోయేది. ఆయన దానికోసమే ఆగారు, నన్ను ఇబ్బంది పెట్టాలని కాదు.

"నేను రాసింది తప్పండి," అన్నాను. "మావాళ్ళు పాడేది తప్పు కాదండి."

"అదెలా? కళ్యాణి అని రాసుకుని శంకరాభరణం పాడితే తప్పు కాదా?"

తుఫాను గురించి చెప్పాను. తేలుతూ దొరికిన పెట్టె గురించి, విరిగిన రేకు గురించి, తాత ఆగకుండా పక్క మెట్టు నొక్కడం గురించి. బాగుచేయిస్తామన్నా ఆయన వద్దనడం గురించి. నేనెప్పుడూ ఒకేసారి అంతసేపు మాట్లాడలేదు.

జానకిరామ్ గారు ఓపిగ్గానే విన్నారు. "అది హార్మోనియం రిపేరు సంగతమ్మా. సంగీత చరిత్ర కాదు."

"మా ఊళ్ళో ఆ రాగం ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో చెప్పానండి. చరిత్ర కాకపోతే అదేంటండి?"

మేడం ఆయన వంక చూశారు. ఆయన పెన్ను కింద పెట్టారు. గొంతు మాత్రం పెంచలేదు.

"చూడు తబితా. నీ మీద నాకు కోపం లేదు. ఫస్ట్ ఇయర్ పిల్లలకి నేను మొదట నేర్పేది, తప్పుని తప్పని గుర్తుపట్టడం. మీ ఊరివాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళ బాధ నిజమే. పాట మాత్రం తప్పు. ఆ ఒక్క మాట అను. ఇవాళే ఫస్ట్ ఇయర్‌కి రాసేస్తాను."

"ఫౌండేషన్ అయితే చేరతావా అమ్మా?" అని అడిగారు మేడం.

"రాలేనండి. హాస్టల్ లేదు కదండి."

"మరి ఆలోచించుకో," అన్నారు జానకిరామ్ గారు.

ఆలోచించాను. షెడ్డులో ఐసు, తెల్లబడి పాచిపోయిన వేళ్ళు. మెట్ల దగ్గర అమ్మ మొహం. తలుపు అవతల నాన్న దగ్గు వినపడింది.

"తప్పని నేను అనలేనండి," అన్నాను.

"అనలేవా, అనవా?"

"అననండి."

ఆయన రాసుకున్నారు. నేను ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. వరండాలో నాన్న లేచి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

బస్సు ఎక్కి కూర్చున్నాక, "ఒక్క మాట కదే. నేనైతే పది సార్లు అనేవాణ్ణి. ఓనరు దగ్గర రోజూ అంటూనే ఉంటా," అన్నాడు. కాసేపటికి, "మీ తాత కూడా ఇంతే. చెప్తే వినేవాడు కాదు," అన్నాడు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అమ్మకి చెప్పాడు. "నీ కూతురు ఏం చేసిందో తెలుసా? మీవాళ్ళు తప్పు పాడుతున్నారని ఒప్పుకుంటే సీటు ఇస్తామన్నారు. ఒప్పుకోనని వచ్చేసింది. ఇంక సోమవారం నుంచి షెడ్డే."

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. కట్టెలు వెనక్కి లాగింది. తర్వాత నా వైపు చూసి, "బస్సులో ఏమన్నా తిన్నావా?" అంది.

ఎన్నో రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

భోజనాలయ్యాక అమ్మ ఫోను తీసుకుని అరుగు మీదికి వెళ్ళింది. ధవళేశ్వరంలో ఉన్న సంపూర్ణమ్మ పెద్దమ్మకి చేసింది. అమ్మకి పెదనాన్న కూతురు. ఇరిగేషన్ ఆఫీసుల దగ్గర కర్రీ పాయింట్ నడుపుతుంది. లోపలికి వచ్చి, పక్క వేస్తూ చెప్పింది.

"అక్క వెనక గది ఇస్తానంది. కర్రీ పాయింట్లో చేపల పులుసు నన్ను చెయ్యమంది. అక్కడి నుంచి రాజమండ్రికి ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. నేనూ పిల్లా వెళ్తాం."

నాన్న లేచి కూర్చున్నాడు. "నువ్వు వెళ్తావా? నా సంగతేంటి? వంట ఎవరు చేస్తారు?"

"రోజూ రొయ్యలకి మేత వేస్తున్నారు కదండీ. మీకు మీరు వేసుకోలేరా?"

"ఏడాది దండగ చదువుకి ఇల్లు రెండు ముక్కలు చేస్తావా?"

"అది ఒక్క మాట అంటే ఫస్ట్ ఇయర్‌కి వెళ్ళిపోయేది," అంది అమ్మ. "అనలేదు. ఇప్పుడు దాన్ని ఇంట్లో కూర్చోబెడితే ఆ మాట మనం అన్నట్టే."

నాన్న మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే లేచి, గది ఎలా ఉందో చూసి వస్తానని తనే ధవళేశ్వరం బస్సెక్కాడు. వచ్చి, తలుపు గడియ సరిగ్గా పడటం లేదని, కొత్తది బిగించి వచ్చానని చెప్పాడు.

బయల్దేరే ముందు ఆదివారం అమ్మ పాట ఎత్తింది. అందరూ పాడారు. నేనూ పాడాను, అమ్మ పాడినట్టే. ఆరాధన అయ్యాక అమ్మ తనంతట తనే ఎజ్రాగారి దగ్గరికి వెళ్ళింది.

"ఏడాది పాటు నేనుండనండి. నేను లేనిది చూసి పాట మార్చకండి, అయ్యగారూ. మార్చాలంటే నా ఎదురుగా మార్చండి."

"అలాగేనమ్మా," అన్నారాయన. "మరి ఎవరు ఎత్తుతారు?"

అమ్మ వెనక్కి చూసింది. చిన్నమ్మాయి పిన్ని అప్పటికే ముందుకి వస్తోంది.

జూలైలో ఫౌండేషన్ క్లాసు మొదలైంది. నాతో పాటు ఇంకో తొమ్మిదిమందో పదిమందో ఉన్నారు. తలలు వంచుకుని వెనక బెంచీల్లో సర్దుకున్నారు. పాఠానికి వచ్చింది జానకిరామ్ గారే. హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు.

"హాస్టల్ లేకపోతే రాలేనన్నావు కదమ్మా."

"మా అమ్మ నాతో వచ్చేసిందండి. ధవళేశ్వరంలో ఉంటున్నాం."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను చూశారు. "ఇంకా ఆ మాట మీదే ఉన్నావా?"

క్లాసంతా నా వైపు తిరిగింది. ఏ మాటో వాళ్ళెవరికీ తెలియదు. నేను లేచి నిలబడ్డాను.

"ఉన్నానండి. ఏడాది చదువుకున్నాక మళ్ళీ అడగండి. అప్పుడు ఇంకా బాగా చెప్తాను."

ఆయన తర్వాతి పేరు పిలిచారు. కూర్చోమని మాత్రం అనలేదు. నేనే వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను.